జింక రోజు

సెప్టెంబరు 16

కొత్త నోటుబుక్కు. నీలం అట్ట. సాయంత్రం కాలేజీలో రచన క్లాసు చెప్పే ప్రొఫెసర్ కీఫ్ మా అందరికీ ఒకటే పని పెట్టారు: రోజూ రాయండి, ఎవరికీ చూపించకండి, నాకు కూడా. చూపించని రాత ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇప్పటిదాకా నేను రాసినవన్నీ మార్కుల కోసమో, ఆఫీసు ఫైళ్ళ కోసమో.

సరే, మొదట నిజాలు. నాకు ఇరవై ఏళ్ళు. ఈ న్యూ బెడ్‌ఫర్డ్‌లోనే పుట్టాను. నాన్న రేవు పక్కన చేపల షెడ్డులో ఇరవై మూడేళ్ళుగా కత్తి పని చేస్తున్నాడు. జూన్ నుంచి నేను వలస వచ్చినవాళ్ళకు సాయం చేసే సంస్థలో కేసు మేనేజరు. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చిన మావాళ్ళు ఈ ఊళ్ళో వేలల్లో ఉన్నా, కిచే భాష తెలిసిన మనిషి నేను చేరేదాకా ఆ ఆఫీసులో లేరు. మా లాయరు ఒదెత్ నన్ను ఎవరికి పరిచయం చేసినా "మా రెండు భాషల పిల్ల" అంటుంది. ఆ మాట వినబడితే చాలు, వీపు దానంతటదే నిటారుగా అవుతుంది.

నాన్న మాత్రం నవ్వుతాడు. "నీ కిచే వింటే అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉంటుంది తల్లీ. కాకపోతే జలుబు చేసిన మా అమ్మ."

సెప్టెంబరు 24

ఒదెత్ నా బల్ల మీద ఒక ఫైలు పెట్టింది. ఆమె ఒక్కతే నూట నలభై కేసులు చూస్తుంది. ఫైలు మీద పేరు పెత్రోనా ల్యూక్స్. ఆశ్రయం కోరుతూ దరఖాస్తు. విచారణ డిసెంబరు 3న. అంతకు నెల ముందే వివరమైన వాంగ్మూలం కోర్టుకు చేరాలి.

"నువ్వు విని రాయి, నేను చూస్తాను," అంది. నన్ను నమ్మి ఇచ్చిన మొదటి వాంగ్మూలం.

పెత్రోనా షెడ్డు నుంచి నేరుగా వచ్చింది. తల మీద వల టోపీ తీయడం కూడా మరిచిపోయింది. ముప్పై ఆరేళ్ళు. కూర్చోగానే నన్ను ఎగాదిగా చూసింది.

"కత్తి తొమాస్ కూతురివి కదూ?"

"అవునక్కా."

"మీ నాన్న రోజంతా నా పక్కనే నిలబడతాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు పండగే. నీకేమో మాట్లాడినందుకే జీతమిస్తారంట! నోరంతా నీకే ఇచ్చేసినట్టున్నాడు."

నన్ను టీచరమ్మా అని పిలుస్తుంది. వాళ్ళ ఊళ్ళో కలం పట్టిన ఆడది ఎవరైనా టీచరమ్మే.

ఆమె చెప్పింది చెప్పినట్టు నోట్సు రాసుకున్నాను. భర్త పేరు బాల్తసార్. ఎస్టేటు వాళ్ళు వీళ్ళ నీటి ఊట ఉన్న నేల చెక్క అడిగారు. అతను ఇవ్వనన్నాడు, ఊరి మీటింగులోనూ అదే మాట చెప్పాడు. ఒకరోజు ఎస్టేటు మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఏం మాట్లాడలేదు. వెళ్ళిపోయాడు. "తర్వాత ఆయన కట్టెలకు పోయాడు. రాలేదు. మూడో రోజు తెచ్చారు."

"ఎప్పుడు జరిగిందక్కా?"

"జింక రోజు. మొక్కజొన్న మోకాలి దాకా ఉంది."

"నువ్వేం చేస్తున్నావు అప్పుడు?"

"చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతున్నా."

"తర్వాత?"

"ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి మాట్లాడాడు. ఈ తడవ నిన్నూ నీ పిల్లనీ అన్నాడు."

పిల్ల పేరు అనస్తాసియా. పదకొండేళ్ళు. పెత్రోనా చెల్లెలు వేరే ఊళ్ళో దాచి పెంచుతోంది.

"కేసు గెలిస్తే పిల్లను ఇక్కడికి తెప్పించుకోవచ్చంట కదా టీచరమ్మా?"

"తెప్పించుకోవచ్చు."

"ఓడిపోతే నన్నే దాని దగ్గరికి పంపుతారంట. ఎటైనా దాన్ని చూస్తాగా." నవ్వింది. "ఎన్నాళ్ళు చూస్తానన్నదే తేడా."

మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. నేను రెండు గంటలు అనుకున్నాను.

అక్టోబరు 8

ఈ రోజు క్లాసులో కీఫ్ చెప్పిన మాట: "'ఒక మనిషి చనిపోయాడు' అని రాస్తే ఎవరూ నమ్మరు. ఏ రోజు? ఆ సమయంలో దూరంగా ఏం మోగుతోంది? అది చెప్పండి, నమ్ముతారు."

రెండుసార్లు గీత గీసుకున్నాను.

అక్టోబరు 15

చిత్తుప్రతి పేజీన్నర వచ్చింది. కొట్టుకు పంపే సరుకుల చీటీలా ఉంది. జడ్జి ఇలాంటివి రోజుకు మూడు నాలుగు చదువుతాడట. వాకిట్లో నిలబడ్డాడు, వెళ్ళిపోయాడు, రాలేదు, తెచ్చారు. ఇది చదివి ఎవరికి గుండె కదులుతుంది?

పెత్రోనాను మళ్ళీ పిలిపించాను. ఆ రోజు ఎండా, వానా? గుర్తులేదు. ఏమైనా చప్పుళ్ళు? "కోళ్ళు ఉంటాయి కదా." అతను వెళ్తూ ఏమన్నాడు? "కట్టెలు తెస్తానన్నాడు." చివరికి ఆమే నొచ్చుకుంది. "నీకేం ఇవ్వలేకపోతున్నా టీచరమ్మా," అంది, ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టడానికి ఏమీ లేనట్టు.

ఎలా చంపారో అడగలేదు. అడగబుద్ధి కాలేదు.

అక్టోబరు 21

పూర్తయింది! మూడున్నర పేజీలు.

తేదీతో మొదలుపెట్టాను. మా రోజుల పేర్లు ఇరవై: జింక, పాము, గాలి, ఇలా. ప్రతి ఇరవై రోజులకూ జింక రోజు మళ్ళీ వస్తుంది. దరఖాస్తులో ఉన్న సంవత్సరానికి పట్టిక దొరికింది. వసంతంలో చూస్తే ఏప్రిల్ 12, మే 2, మే 22, జూన్ 11. కొండల్లో మార్చిలో విత్తుతారని ఎక్కడో చదివాను. కాబట్టి మోకాలి దాకా అంటే ఏప్రిలే అయ్యుంటుంది. నాన్నను అడుగుదామనుకున్నాను గానీ షెడ్డులో అదనపు పని, ఇంకా రాలేదు. ఏప్రిల్ 12 గురువారం. గురువారం అంటే బాగుంది.

ఇక చప్పుడు. ఊరన్నాక చర్చి ఉంటుంది. చర్చికి గంట ఉంటుంది, పొద్దున మోగుతుంది. ఇది కల్పించడం కాదు, ఉన్నదాన్ని గుర్తుచేయడం. ఎస్టేటు మనుషుల దగ్గర తుపాకులు ఉంటాయి. అడవి ఇంటికి దగ్గరే. వినబడకుండా ఎలా ఉంటుంది? ఎన్ని అని ఆలోచించాను. రెండు తక్కువగా అనిపించింది. నాలుగు ఎక్కువ.

"నేను చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతున్నాను. చర్చి గంట మోగడం ఆగింది. ఆ నిశ్శబ్దంలో మొదటి తుపాకీ చప్పుడు వినిపించింది. నేను లెక్కపెట్టాను. మూడు."

పైకి చదువుకున్నాను. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

అక్టోబరు 29

ఇంగ్లిషు వాంగ్మూలాన్ని కిచేలో ఆమెకు చదివి వినిపించాను. నిబంధన అది. అలా వినిపించానని కింద నేనూ సంతకం చేయాలి.

గంట దగ్గరికి వచ్చేసరికి పెత్రోనా కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాకు సంతోషం వేసింది. ఇలా రాసుకోవడం బాగాలేదు కానీ ఇది ఎవరికీ చూపించని పుస్తకం.

"ఏమైనా తప్పుంటే చెప్పక్కా, మారుస్తాను."

"తప్పులేముంటాయి టీచరమ్మా! ఇన్ని రోజులు కూర్చుని రాశావు కదా నాకోసం."

వేలిముద్ర వేసింది. వేలి సిరా తుడుచుకోవడానికి కాగితం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంది.

అక్టోబరు 30

ఒదెత్ చదివి కళ్ళజోడు తీసింది.

"పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, అమ్మాయ్. ఇలాంటిది నా బల్ల మీదకు రాలేదు. ఆ గంట సంగతి ఆమే చెప్పిందా?"

"అవును."

అన్నప్పుడు అది నిజమే అనిపించింది.

నవంబరు 2

కోర్టుకు పంపేశాం.

నవంబరు 12

పేర్లు మార్చి ఆ గంట పేరాను కీఫ్ క్లాసుకు కథగా ఇచ్చాను. పేర్లు మార్చాను కదా.

నవంబరు 24

పెత్రోనా చెల్లెలు పంపిన మరణ ధ్రువపత్రం వచ్చింది. జూన్ 11.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఏప్రిల్ 12. ఇరవై రోజులకు మే 2. ఇరవై రోజులకు మే 22. ఇరవై రోజులకు జూన్ 11.

జింక రోజు.

ఆమె సరిగ్గానే చెప్పింది.

ఒదెత్ పిలిచింది. "రెండు నెలల తేడా ఉంది. ఏమిటిది?"

"ఊళ్ళల్లో చావులు ఆలస్యంగా నమోదు చేయిస్తారు," అన్నాను. అది నిజమే. చాలామంది అలాగే చేయిస్తారు. కాగితం మీద ఒకటే తేదీ ఉంది, చనిపోయిన రోజో నమోదైన రోజో రాసి లేదు.

"సరే. అదే వివరణ జతచేస్తాను." వెంటనే ఫోను మోగింది. ఇంకో కేసు.

సాయంత్రం అన్నాల దగ్గర నాన్నను అడిగాను, మన కొండల్లో మొక్కజొన్న మోకాలి దాకా ఎప్పుడొస్తుందని.

"జూన్‌లో. ఏం, పొలం కొంటావా?"

"ఊరికే."

డిసెంబరు 1

విచారణకు ముందు తయారీ. మూడు గంటలు కావాలి, నలభై నిమిషాలు దొరికాయి. ఒదెత్ ఇంగ్లిషులో అడుగుతుంది, నేను కిచేలో చెబుతాను, మళ్ళీ ఇటు.

"ఎన్ని తుపాకీ చప్పుళ్ళు వినిపించాయి?"

అడిగాను. పెత్రోనా నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. పరీక్షలో పక్కవాడి పలక చూసినట్టు.

"నువ్వు ఎన్ని రాస్తే అన్ని, టీచరమ్మా."

ఒదెత్ ఎదురుచూస్తోంది.

"మూడు," అన్నాను ఇంగ్లిషులో.

ఆమె బాగా అలసిపోయి ఉంది. తెల్లవారుజామున నాలుగింటి నుంచి షెడ్డులో నిలబడి వచ్చింది. అలసిపోయిన మనిషి అలాగే మాట్లాడుతుంది.

డిసెంబరు 3

మరిచిపోకముందే అంతా రాయాలి. మరిచిపోతానని కాదు.

కోర్టు తన అనువాదకుణ్ణి తెచ్చుకుంది. ఫోనులో ఎక్కడి నుంచో ఒక మగగొంతు, మంచి కిచే. నేను వెనక బల్ల మీద కూర్చోవాలి, నోరు తెరవకూడదు. పెత్రోనా చెయ్యెత్తి దేవుడి మీద ప్రమాణం చేసింది. ప్రభుత్వ లాయరు వయసులో చిన్నది, జలుబుతో మాటిమాటికీ క్షమించండి అంటోంది.

"ఏప్రిల్ 12 ఉదయం మీరు ఎక్కడున్నారు?"

"అదే తారీకో నాకు తెలీదమ్మా. ఆయన పోయింది జింక రోజు."

"మీ వాంగ్మూలంలో ఏప్రిల్ 12 అని ఉంది."

"ఉండొచ్చమ్మా."

"ధ్రువపత్రంలో జూన్ 11 ఉంది. ఏది నిజం?"

"నాకు చదువు రాదమ్మా. మొక్కజొన్న మోకాలి దాకా ఉంది, అదొక్కటే తెలుసు."

"ఎన్ని తుపాకీ చప్పుళ్ళు విన్నారు?"

పెత్రోనా వెనక్కి తిరిగి నావైపు చూసింది.

"ముందుకు చూసి సమాధానం చెప్పండి," అన్నాడు జడ్జి.

"నేను వినలేదు."

"మూడు విన్నానని వేలిముద్ర వేశారు కదా?"

"వినలేదమ్మా. తుపాకీ కాదు. ఆయన్ని కత్తితో నరికారు."

ఒదెత్ కాగితాలు తిప్పడం ఆపేసింది. నేను నా బూట్లు చూసుకున్నాను. కత్తితో. మెడ మీద రెండుసార్లు, చేతుల మీద నాలుగు. చేతులు అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి. ఇవన్నీ ఆమె ఆ ఫోను గొంతుకు చెప్పింది, అడిగాడు కాబట్టి.

తర్వాత జడ్జి తనే అడిగాడు. "చర్చి గంట మోగడం ఆగిందన్నారు. అది ఏ చర్చి?"

"మా చర్చికి గంట లేదయ్యా. భూకంపంలో పడిపోయిందంట, నేను పుట్టకముందే. మైకు ఉంది."

మధ్యాహ్నానికి తీర్పు చెప్పేశాడు. గొంతులో కాఠిన్యం ఏమీ లేదు. ఈమెకు నిజంగానే కష్టం జరిగి ఉండవచ్చు, కానీ చెప్పినదాంట్లో ఏది జరిగిందో ఏది జరగలేదో కోర్టు తేల్చుకోలేకపోతోంది, దరఖాస్తు తిరస్కరిస్తున్నాను. అప్పీలుకు ముప్పై రోజులు. జనవరి 2.

తిరిగొచ్చే బస్సులో పెత్రోనా సంచిలోంచి ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలీ తీసింది. మొక్కజొన్న ఆకులు విప్పి సగం నాకు పెట్టింది.

"తిను టీచరమ్మా. పొద్దుట్నుంచి నువ్వేం తినలేదు."

తిన్నాను.

డిసెంబరు 4

తుపాకీ అని ఆమె ఒకసారి అన్నట్టే గుర్తు. రెండో సారి వచ్చినప్పుడు.

డిసెంబరు 6

మొదటి రోజు నోట్సు ఆఫీసు సొరుగులో ఉంది. తీసి చూడాల్సిన పనిలేదు, నాకు గుర్తుంది.

డిసెంబరు 9

తీసి చూశాను.

డిసెంబరు 11

కీఫ్ కథ తిరిగిచ్చారు. ఈ ఏడాది క్లాసులో అత్యధిక మార్కులు. కాలేజీ పత్రికలో వేస్తారట. అంచున ఎర్ర సిరాతో: "గంట ఆగిన చోట చదవడం ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళాను. నువ్వు రచయితవి."

ఏడాది క్రితం ఎవరైనా నాకు ఈ మాట చెప్పి ఉంటే రోడ్డు మీద పరిగెత్తేదాన్ని.

డిసెంబరు 16

ఒదెత్ పెత్రోనాను పిలిపించింది. నేను మధ్యలో.

"ఆమెను అడుగు, మిల్వియా. గంట సంగతి, తుపాకీ సంగతి వాంగ్మూలంలోకి ఎలా వచ్చాయి? ఎవరు చెప్పారు?"

అడిగాను.

పెత్రోనా బల్ల మీద నా చేతిని చూస్తూ చెప్పింది. "నేనే చెప్పానని చెప్పు. గంట అని నేనే అన్నాను. తుపాకీ అని నేనే అన్నాను. కోర్టులో భయమేసి మర్చిపోయాను. ఈ పిల్ల నేను చెప్పిందే రాసింది, అమాయకురాలు. అలా చెప్పు టీచరమ్మా."

ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట కలపకుండా అనువదించాను. "అమాయకురాలు" కూడా. ఈ ఉద్యోగంలో నేను చేసిన అత్యంత కచ్చితమైన అనువాదం అది.

డిసెంబరు 18

ఒదెత్ తలుపు మూసి కూర్చోబెట్టింది.

"ఉన్నది ఉన్నట్టు అప్పీలు చేస్తే ఆమె అబద్ధాలకోరు. అంతే. వాంగ్మూలంలో తప్పు ఆమెది కాదని, రాసినవాళ్ళదని ఎవరైనా ప్రమాణపూర్వకంగా చెబితే కేసు మళ్ళీ విచారించమని అడగొచ్చు." నన్ను చాలాసేపు చూసింది. "నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా, అమ్మాయ్?"

"లేదు."

చదువుకు పెద్ద యూనివర్సిటీకి మారడానికి ఆమె రాసే సిఫారసు ఉత్తరం జనవరిలో పంపాలి. దానికీ దీనికీ సంబంధం లేదు.

డిసెంబరు 21

పెత్రోనా చెల్లెలు ఫోనులో మాటలు పంపింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని నాకు వినిపించింది పెత్రోనా. ఎవరో వచ్చి బడి దగ్గర పిల్ల గురించి అడిగారట. బడి మాన్పించారు. ఇంకో ఊరికి మార్చాలి, ఎక్కడికో తెలియదు.

"నన్ను పంపేస్తే మంచిదేనేమో," అంది. "ఇద్దరం ఒకేచోట ఉంటాం, వాళ్ళకూ తిరిగే పని తప్పుతుంది."

ఈసారి నవ్వలేదు.

డిసెంబరు 25

షెడ్డు సెలవు. నాన్న వండాడు. చెప్పేశాను. గంట, తుపాకీ, ఏప్రిల్, జూన్, అంతా.

నాన్న చేపలో ముళ్ళు తీస్తూ విన్నాడు.

"మరి వినిపించినప్పుడు ఆమె ఎందుకు తప్పని చెప్పలేదు నాన్నా? నేను అడిగాను కూడా!"

"నీకు చెప్పడమా? మనకోసం ఒకళ్ళు కష్టపడి పని చేసిపెడితే, అది బాగాలేదని మొహం మీద ఎవరంటారు? మనవాళ్ళలో?" ఒక ముల్లు పళ్ళెం అంచున పెట్టాడు. "నీకు తెలీదులే. తెలిసేలా నేను పెంచలేదు."

నాన్న నా గ్లాసులో నీళ్ళు పోశాడు.

"నిన్నెవరూ ఎక్కడికీ పంపలేరు కదా తల్లీ? ఇక్కడే పుట్టావు."

"పంపలేరు."

"ఆమెను పంపుతారు."

"అవును."

"మరి?"

తీసిన ముక్కలు నా పళ్ళెంలో పెట్టాడు.

డిసెంబరు 27

పెత్రోనా గదికి వెళ్ళాను. ఆదివారం, బట్టలు ఉతికి గది నిండా తాళ్ళు కట్టి ఆరేసింది. తడి రవికల మధ్య నుంచి మాట్లాడుకున్నాం. నేను చేసింది వరసగా చెప్పాను. ముందుగా అనుకున్న మంచి మాటలు ఒక్కటీ రాలేదు.

ఆమె బట్టలు సర్దడం ఆపలేదు.

"తెలుసు టీచరమ్మా. నువ్వు చదివిన రోజే తెలుసు."

"మరి ఏడ్చావు కదా?"

"ఏడవనా? ఆ చచ్చినవాడు ఎంత బాగా చచ్చాడు! గంటలతో. పెళ్ళాం కూర్చుని లెక్కపెడుతుంటే. మావాడు పోయినప్పుడు నేను రాళ్ళు ఏరుకుంటున్నా. నాకేం తెలియలేదు. సాయంత్రం ఆయన వాటా రొట్టెలు కూడా కాల్చి మూతపెట్టా." ఒక చొక్కా దులిపింది. "ఈ దేశంలో ఇలా చావాలేమో, అప్పుడే నమ్ముతారేమో అనుకున్నా. చదువుకున్నదానివి, నీకు తెలిసుంటుందిలే అనుకున్నా."

"మరి కోర్టులో ఎందుకు... మూడు అని అనేస్తే..."

"కాగితం మీద ఉన్నది నీ మాట. నోట్లోంచి వచ్చేది నా మాట. దేవుడి మీద ఒట్టేయించారు కదా."

"నేను ఒదెత్‌కు నిజం చెప్తానక్కా."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోతుంది."

"మీ నాన్న నన్ను తిడతాడు."

"నాన్న ఎవరినీ తిట్టడు."

"అవును, నాలుగు మాటలకే ఆయాసం," అంది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది. "అయితే టీచరమ్మా, జరిగింది జరిగినట్టు చెప్తే ఇప్పుడు నమ్ముతారా? చాలా చిన్నగా ఉంటుంది కదా అది."

తాడు కొస పట్టుకున్నాను, దుప్పటి ఆరేయడానికి.

డిసెంబరు 29

ఒదెత్ తిట్టలేదు. విని, పసుపుపచ్చ కాగితాల బొత్తి నా ముందుకు తోసింది. "రాయి. ఎవరు ఏం చెప్పారు, నువ్వేం కలిపావు. అంతే."

రాసింది చూసి "దురదృష్టవశాత్తూ" కొట్టేసింది. "అమాయకమైన ఉద్దేశంతో" కొట్టేసింది. మూడు పేజీలు ఒకటిన్నరకు వచ్చాయి. నోటరీ ముందు సంతకం చేశాను.

"డిసెంబరు ఒకటిన 'మూడు' అని నువ్వే అన్నావా?" అని అడిగింది చివర్లో. అవునన్నాను. అది కూడా రాయమంది.

"తప్పు నాది కూడా. నేను చూస్తానన్నాను, చూడలేదు. అది నా కాగితంలో నేను రాసుకుంటాను," అంది. "కానీ నువ్వు ఇక్కడ ఇంక పనిచేయకూడదు. నీకు అర్థమైందా?"

తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఎన్ని పాళ్ళు ఆశ ఉందని అడిగాను.

"పదిలో ఒకటి. అదీ మంచి రోజైతే."

డిసెంబరు 30

కీఫ్‌కు ఉత్తరం రాశాను, పత్రికలో కథ వేయవద్దని. కారణం కూడా రాశాను.

జనవరి 2

అప్పీలుతో పాటు పెత్రోనా కొత్త వాంగ్మూలం కూడా వెళ్ళాలి. నేను తాకకూడదు. ఇంత తక్కువ వ్యవధిలో కిచే అనువాదకుడు దొరకలేదు. నాన్న షెడ్డులో అరపూట సెలవు పెట్టి వచ్చాడు. కిచే నుంచి స్పానిష్ నాన్న చెబుతాడు, అది ఒదెత్‌కు వచ్చు. "నాకు రాదమ్మా ఈ పని," అని మూడుసార్లు అన్నాడు ఒదెత్‌తో. "ఈ పని వచ్చినవాళ్ళతోనే మొన్న మునిగాం," అంది ఆమె.

నేను బయట నడవలో కుర్చీలో కూర్చున్నాను. లోపలి గది తలుపు పలచనిది, అంతా వినబడుతుంది. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టారు.

నాన్న ఒక ప్రశ్న అడుగుతాడు. పెత్రోనా చెబుతుంది. నాన్న మళ్ళీ అడగడు. ఊరికే కూర్చుంటాడు. నేనైతే ఆ ఖాళీలో నాలుగు ప్రశ్నలు వేసేదాన్ని. గోడ గడియారం చూశాను: ఒకసారి పూర్తిగా రెండు నిమిషాలు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

"పొద్దున కట్టెలకు వెళ్ళాడు," అని నాన్న ఒదెత్‌కు చెప్పడం మొదలుపెట్టాడు.

"కాదు తొమాస్," అంది పెత్రోనా. ఆమెకు ఆ పాటి స్పానిష్ తెలుసు. "మధ్యాహ్నం."

నాతో ఆమె ఎప్పుడూ 'కాదు' అనలేదు.

"సరే, మధ్యాహ్నం," అన్నాడు నాన్న. మళ్ళీ నిశ్శబ్దం. కాసేపటికి: "అంతకు ముందు, వాకిట్లోకి ఎస్టేటు మనిషి ఒకడు వచ్చాడు."

"కాదు. ఇద్దరు."

నాన్న ఏమీ అనలేదు.

"రెండోవాడు ఆయన తమ్ముడు," అంది పెత్రోనా. "మా మరిది. ఊట చెక్కలో వాడికీ వాటా ఉంది. వాడు అమ్మేద్దామన్నాడు. వాడే దారి చూపించాడు. పిల్ల ఏ ఊళ్ళో ఉందో కూడా వాడికే తెలుస్తుంది, చుట్టాలందరూ వాడికి చెప్తారు."

నాన్న స్పానిష్‌లో చెప్పాడు. ఒదెత్ కలం చప్పుడు ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. పాత దరఖాస్తులో ఒకడే. నా వాంగ్మూలంలో ఒకడే. కోర్టులోనూ ఒకడే. ఇప్పుడు ఇద్దరంటే ప్రభుత్వ లాయరు ఏమంటుందో నడవలో కూర్చున్న నాకే వినబడుతోంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో అడుగు," అంది ఒదెత్.

నాన్న అడిగాడు.

"ఇంటి సిగ్గు కదా. చెప్పడానికి టైము పడుతుంది," అంది పెత్రోనా. "ఇంతసేపు ఊరికే కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు."

"ఇది రాస్తే కేసుకు ఇంకా నష్టం కావచ్చు. ఆమెకు చెప్పు. రాయాలా వద్దా, ఆమెనే చెప్పమను."

నాన్న చెప్పాడు. ఈసారి నిశ్శబ్దం అన్నిటికంటే పొడుగ్గా ఉంది. గడియారం చూడలేదు.

"రాయండి," అంది పెత్రోనా. "ఇద్దరు అని."